ముందే విన్నవాణ్ణి

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అదేమిటో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. నేనూ ఎన్నోసార్లు నవ్వుకున్నాను. నవ్వు అయిపోయాక చూస్తే బరువు ఉన్నచోటే ఉండేది. నేను ఎవరినీ కొట్టలేదు, ఎవరి ఇల్లూ కూల్చలేదు. పిల్లల కథలు విన్నాను. అంతే. వినకూడని వేళ, వినకూడని చోట, ఒక్కణ్ణే విన్నాను.

ఇందులో తప్పేముంది అంటారేమో. ఆ ప్రశ్న నన్ను నేను చాలాకాలం అడుక్కున్నాను. తప్పేమీ లేదనే జవాబు వచ్చేలా జాగ్రత్తగా అడుక్కున్నాను. ఇప్పుడు మీకు మొదటినుంచీ చెబుతాను. ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే అక్కడ నన్ను నమ్మకండి.

నా పేరు చెప్పను. మా ఇంట్లోవాళ్ల పేర్లు మార్చాను. మేం నలుగురం. గోదావరి వైపునుంచి వచ్చి ఢిల్లీలోని ద్వారకాలో స్థిరపడ్డాం. నా భార్య సునీత ఒక పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నేను ఆసుపత్రి పరికరాలు మరమ్మతు చేయించే ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తాను. పెద్దవాడు జోయెల్, వాడికి రెండేళ్లు చిన్నది రూతు. ఇద్దరూ ఢిల్లీలోనే పుట్టారు. తెలుగు మొత్తం అర్థమవుతుంది కానీ, జవాబు చెప్పమంటే హిందీలోకి జారిపోతారు.

మా ఊళ్లో, మా ఇళ్లలో పొద్దు వాలాక చాప పరుచుకుని కుటుంబ ప్రార్థనకు కూర్చునేవాళ్లం. వంతుల వారీగా తలో వచనం పైకి చదవాలి. చదువు రానివాళ్లు పక్కవాళ్లు చదివింది విని తిరిగి పలికేవారు. అందుకే పైకి చదవడం, నలుగురూ కలిసి వినడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేని సంగతులు. ఢిల్లీలో కూడా సునీత ఆ అలవాటు పోనివ్వలేదు. పిల్లలు కాస్త ఎదిగాక ప్రార్థన తర్వాత కథల పుస్తకం చదివి వినిపించేది. డ్యూటీ చేసి వచ్చి చదివేది కదా, రాక్షసుడు తలుపు తోస్తుండగా తనే నిద్రలోకి వెళ్లిపోయేది. పిల్లలు "మమ్మీ!" అని కుదిపితే కళ్లు మూసుకునే "డ్రిప్ అయిపోయిందా?" అని అడిగేది.

తర్వాత ఆమెతో పనిచేసే ఒక సిస్టర్ ఫోన్‌లో ఇంగ్లీషు కథలు వినిపించే యాప్ ఒకటి చూపించింది. సునీత ఎంత సంబరపడిందో చెప్పలేను. ఎవరో చక్కగా చదువుతారు, తను కూడా పిల్లల్లో ఒక పిల్లలా కూర్చుని వినొచ్చు. మొదటిరోజే ఒక నియమం పెట్టింది. కథ నలుగురూ ఉన్నప్పుడే వినాలి. ఒకరు లేకపోయినా ఆగాలి. ఆమె డ్యూటీలు మారుతుంటాయి కాబట్టి ఈ నియమం అందరికంటే ఎక్కువగా ఆమెకోసమే. పిల్లలు కిమ్మనకుండా ఒప్పుకున్నారు. ఒకసారి కథలో ఒక పిల్ల బావిలో పడింది. సరిగ్గా అప్పుడే సునీతకు నైట్ డ్యూటీలు పడ్డాయి. పాపం ఆ పిల్లను వారమంతా బావిలోనే ఉంచాం. అన్నం తింటూ రూతు అడిగేది, "లోపల చలిగా ఉంటుందా డాడీ?" అని. అయినా ఫోన్ మీద చెయ్యి వేసేది కాదు.

కథ ఎక్కువగా సాగేది ఆదివారం కారులో. ద్వారకా నుంచి మా తెలుగు ఆరాధన జరిగే చోటికి వెళ్లి రావాలంటే ధౌలా కువాన్ దాటాలి. ఢిల్లీలో అందరూ అక్కడ ట్రాఫిక్ ఆగితే తిట్టుకుంటారు. మా కారులో మాత్రం "జామ్ హై! జామ్ హై!" అని కేరింతలు. ఎంత ఆగితే అంత కథ. దారి ఖాళీగా ఉన్నరోజు జోయెల్ నావైపు చూసేవాడు, దారి నేనే ఖాళీ చేయించినట్టు.

ఆ వినడంలోనే ఒక ఆట పుట్టింది. కథ బాగా బిగువుకు వచ్చిన చోట, ముందు సీట్లో కూర్చున్న సునీత టక్కున ఆపేసి వెనక్కి తిరిగేది. "ఇప్పుడేమవుద్ది? చెప్పండి." అందరూ చెప్పాలి. ఊరికే చెబితే చాలదు, ఎందుకలా అనుకుంటున్నారో కూడా చెప్పాలి. ఆ తర్వాత మళ్లీ కథ నడిపేది. ఎవరు చెప్పింది నిజమైతే వాళ్లు వచ్చే ఆదివారం దాకా మా ఇంటి జడ్జిగారు. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలి, టీవీ రిమోట్ ఎవరిది, ఆరాధన అయ్యాక ఏం తినాలి, అన్నీ జడ్జిగారే తేల్చాలి. అప్పీలు లేదు.

ఇంత సరదాలో నా ఇబ్బంది ఎవరికీ కనపడలేదు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు చదవగలను, ఆఫీసు మెయిళ్లు రాయగలను, ఎవరైనా నిదానంగా మాట్లాడితే జవాబు చెప్పగలను. కానీ ఆ కథలు చదివేవాళ్లు గొంతులు మారుస్తారు, పరుగెత్తుతారు, గుసగుసలాడతారు. నేను ఒక వాక్యం మూట కట్టుకునేలోపు నాలుగు వాక్యాలు దాటిపోయేవి. పిల్లలు పకపకా నవ్వేవారు. అద్దంలో వాళ్ల నవ్వు చూసి నేనూ నవ్వేవాణ్ణి, కాస్త ఆలస్యంగా. ఒకరోజు జోయెల్ పట్టేశాడు.

"మమ్మీ, డాడీ బఫరింగ్ మే హైఁ!"

నెట్ అందక ఆగి ఆగి నడిచే వీడియోనట నేను. కారంతా నవ్వు. సునీతకైతే కళ్లవెంట నీళ్లు వచ్చాయి. నేనూ నవ్వాను. ఆ ఒక్క నవ్వు మాత్రం సరిగ్గా సమయానికే నవ్వాను.

బాధపడ్డానా? లేదని చెప్పుకున్నాను. పిల్లవాడి మాటకు బాధేమిటి? కానీ ఆ మాట సోమవారం ఆఫీసు దాకా వచ్చింది. అక్కడా మీటింగుల్లో అంతే కదా, అందరూ నవ్వాక నవ్వేవాణ్ణి కదా. ఇంట్లో అయినా అలా ఉండకూడదనుకున్నాను. పిల్లలు నాకు అందనంత ముందుకు వెళ్లిపోతున్నారని, తలుపు వేసుకుని లోపల ఆడుకుంటున్నారని, నేను బయట నిలబడి ఉన్నానని అనిపించింది. ఇదంతా నిజమే. కానీ ఇదంతా నన్ను నేను వెనకేసుకురావడం కూడా.

నేను రోజూ మెట్రోలో వెళ్లి రాజేంద్ర ప్లేస్‌లో దిగి, ఓల్డ్ రాజిందర్ నగర్ మీదుగా ఆఫీసుకు నడుస్తాను. ఆ దారిలో, ఆ మెట్రో పెట్టెలో చెవుల్లో ఇయర్‌ఫోన్ లేని మనిషి ఉండడు. అందరూ సివిల్స్‌కు చదివే పిల్లలు, పాఠాలు వింటూ వెళతారు. ఆ గుంపులో నేనూ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం వినాల్సిన భాగం ముందే విన్నాను. అర్థంకాని చోట వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఎంత బాగుందో! ఒకసారి నా స్టేషన్ దాటిపోయింది. కథల్లో ఇంత సుఖం ఉందని నాకు అప్పుడే తెలిసింది. రోజూ కనపడే మన తెలుగు కుర్రాడొకడు పక్కన నిలబడి, నా మొహంలో ఏకాగ్రత చూసి అడిగాడు.

"అన్నా, ఏం వింటున్నారు? ఎకానమీయా?"

"ఆఁ, అదే" అన్నాను. ఆ క్షణాన నా చెవిలో ఒక బాతు పోలీసుతో గొడవపడుతోంది.

ఇక్కడిదాకా నాది తప్పు కాదని ఇప్పటికీ అనాలనిపిస్తుంది. నవ్వాల్సిన చోట నవ్వడం కోసం చదువుకుని వెళ్లాను, అంతేగా? అయితే ఒక సంగతి. నా ఫోన్‌లోనూ సునీత ఫోన్‌లోనూ ఒకటే ఖాతా కాబట్టి, విన్న తర్వాత యాప్‌లో కథను పాతచోటికి జరిపి పెట్టేవాణ్ణి, మేం నలుగురం ఎక్కడ ఆపామో సరిగ్గా అక్కడికి. తప్పు కాకపోతే ఎందుకు జరిపినట్టు?

ఆ ఆదివారం నేను సమయానికి నవ్వాను. ఒకచోట కాస్త ముందే నవ్వబోయి దగ్గులోకి మార్చాను. "డాడీ అప్‌డేట్ హో గయే" అన్నాడు జోయెల్. సునీత కథ ఆపి "ఇప్పుడేమవుద్ది?" అంది. నా వంతు వచ్చింది. ఏదో ఒక తప్పు జవాబు చెప్పాలి. అంతకుముందు ఎప్పుడూ తప్పే చెప్పేవాణ్ణి. నోరు తెరిచాను. ఒప్పు జవాబు వచ్చేసింది.

కథ నడిచింది. నేను చెప్పినట్టే జరిగింది. పిల్లలు నా సీటు వెనక డప్పులా వాయించారు. సునీత నావైపు తిరిగి చూసింది.

"ఏవండీ, మీలో ఇంత ఉందా?"

పెళ్లయినప్పటినుంచీ నన్ను అలా చూడలేదని కాదు. కానీ ఆ చూపు నాకు చాలా నచ్చింది. ఇంకోసారి కావాలనిపించింది. ఇంకోసారి, ఆపైన ఇంకోసారి. మనుషులు మత్తుకు ఎలా అలవాటు పడతారో నాకు బాతుల కథలతో తెలిసింది.

అలా ఏళ్లు గడిచాయి. మోసానికి కూడా పనితనం కావాలి. ప్రతిసారీ ఒప్పు చెబితే దొరికిపోతాను కాబట్టి అప్పుడప్పుడూ కావాలని తప్పు చెప్పేవాణ్ణి. గడ్డం గోక్కునేవాణ్ణి. "ఊఁ... చెప్పడం కష్టమే" అని కనుబొమలు ముడిచేవాణ్ణి. జడ్జిగా చాలాకాలం ఏలాను. మా ఇంట్లో ఆదివారాలు బిరియానీ తిన్నామంటే అది నా తీర్పే. పిల్లలు నన్ను చూసి గర్వపడేవారు. చర్చిలో వాళ్ల స్నేహితులతో "మా డాడీకి కథ ఎటుపోతుందో ముందే తెలిసిపోతుంది" అని చెప్పేవారు. అది అక్షరాలా నిజం.

ఇక అసలు తప్పు దగ్గరికి వస్తాను. ఇంతసేపూ నవ్విస్తూ వచ్చింది ఇక్కడికి రావడానికి భయపడే.

రూతుకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఊహలు చెప్పడంలో మా అందరిలోకీ అదే గడుసుది. తప్పయినా ఒప్పయినా గట్టిగా, సీటులో మోకాళ్లమీద లేచి చెప్పేది. ఆ ఆదివారం వింటున్నది ఒక కొండ ఊళ్లోని బేకరీ కథ. ఊరి పెద్దమనిషి పుట్టినరోజుకు బేకరీ ఆయన చేసిన మూడంతస్తుల కేకు మాయమైంది. పోస్ట్‌మన్ మీద అనుమానం, పిల్లిని పెంచే ముసలావిడ మీద అనుమానం, బేకరీలో పనిమనిషి మీద అనుమానం. సునీత కథ ఆపింది.

"బేకరీ అంకులే!" అంది రూతు, ఎవరూ అడగకముందే. "ఆయనే దాచేశాడు. కేక్ ఖరాబ్ హో గయా. సిగ్గేసి దాచేశాడు."

"ఎందుకనుకుంటున్నావమ్మా?" అంది సునీత.

"ఆయన వెతకట్లేదు మమ్మీ. పోయింది పోయింది అని ఏడుస్తున్నాడు, అంతే. నా రబ్బర్ పోతే నేను బెంచీ కింద దూరి వెతుకుతాను కదా? ఆయన అసలు వంగనే లేదు."

శుక్రవారం మెట్రోలో విన్నాను కాబట్టి నాకు తెలుసు. అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు. నేను రెండుసార్లు విన్నాక కూడా, ఆయన వెతకలేదన్న సంగతి గమనించలేదు. అది గమనించింది. ఒక్కసారి విని.

ఆ క్షణంలో నేను ఏం చేయాలి? ఏ తండ్రయినా ఏం చేస్తాడు?

నేను నవ్వాను. "తన కేకు తనే దొంగిలించేవాడు ఎవడైనా ఉంటాడా అమ్మా?" అన్నాను.

జోయెల్ అందుకున్నాడు. "పాగల్! సొంత కేక్ చోరీ!"

రూతు నెమ్మదిగా కూర్చుంది. నా మొహం చూసింది, అన్న మొహం చూసింది. "అయితే... పోస్ట్‌మన్" అంది చిన్నగా.

అంతటితో ఆగినా బాగుండేది. నా వంతు వచ్చింది. గడ్డం గోక్కున్నాను. "నాకెందుకో ఆ బేకరీ ఆయన మీదే అనుమానంగా ఉంది. కేకు అడుగు మాడిపోయి ఉంటుంది. పరువు పోతుందని దాచి ఉంటాడు."

"అదేంటండీ, ఇందాక చిన్నది అదేగా అంది?" అంది సునీత.

"తను ఊరికే అంది. నేను ఆలోచించి అంటున్నాను."

ఈ మాట నా నోటినుంచే వచ్చింది. ఎవరో అంటే నేను విన్నది కాదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఇంకో నోటికి అంటించడం కుదరలేదు.

కథ నడిచింది. కేకు పిండి బస్తాల వెనక దొరికింది. అడుగు మాడిపోయి ఉంది. నాకు చప్పట్లు కొట్టారు. రూతు కూడా కొట్టింది. అదే నన్ను ఎక్కువగా పొడుస్తుంది. ఏడ్చి గొడవ చేసి "అది నాది!" అని ఉంటే ఆ రోజే ముగిసిపోయేది. అది చప్పట్లు కొట్టి, నా తెలివికి ఆశ్చర్యపోయి, తన తెలివి మీద ఒక నిర్ణయానికి వచ్చేసింది.

తర్వాతి ఆదివారం సునీత అడిగితే "డాడీ ఏమంటే నాదీ అదే" అంది. దాని తర్వాత కూడా అదే. మేం నవ్వుకున్నాం, గడుసుపిల్ల గెలిచే గుర్రాన్ని ఎంచుకుందని. కొన్నాళ్లకు స్కూల్లో టీచర్ చెప్పింది, "రాతలో బాగా రాస్తుంది, కానీ చెయ్యి ఎత్తదు. ముందు అందరి మొహాలూ చూస్తుంది" అని. ఇంటికి వచ్చేదారిలో నేను దానికి హితబోధ చేశాను. "నీకు అనిపించింది ధైర్యంగా చెప్పాలి నాన్నా, తప్పయితే ఏమవుతుంది?" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు నాలుక ఎందుకు తడబడలేదో ఇప్పటికీ తెలియదు.

బేకరీ కథ తర్వాత నేను మెట్రోలో వినడం మానేశాననుకుంటున్నారా? మానలేదు. ఇంకో రెండేళ్లు విన్నాను. తర్వాత జోయెల్‌కు సొంత ఫోన్, సొంత ఇయర్‌ఫోన్లు వచ్చాయి, ఆట పలచబడింది, నా మోసానికి గిరాకీ తగ్గింది. మంచి బుద్ధి పుట్టి మానానని చెప్పుకోవడానికి కూడా లేదు.

ఈ ఏడాది రూతు పది పాసయింది. పదకొండులో ఏ గ్రూపు తీసుకోవాలన్న మాట వచ్చింది. బల్లదగ్గర నలుగురం కూర్చున్నాం. ఎవరి సలహా వాళ్లు చెబుతున్నాం.

"నీకేం అనిపిస్తోందమ్మా?" అని నేను అడిగాను.

"హ్యుమానిటీస్ అనుకున్నా..." అని ఆగింది. "ఊరికే అనుకున్నాలే డాడీ. మీరే చెప్పండి. నేను అనుకున్నది ఎప్పుడూ రైట్ అవ్వదు."

సునీత "అదేం మాట?" అని కసిరింది. జోయెల్ ఏదో జోకు వేశాడు. నేను మంచినీళ్లు తాగాను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగాను.

ఒక మనిషి తన ఆలోచనను "ఊరికే" అని పక్కన పెట్టేయడం నేర్చుకుంటే, ఆ నేర్పు ఎక్కడో ఒకచోట మొదలై ఉంటుంది కదా? అదంతా ఆ ఒక్క ఆదివారం వల్లే అని అనను. అంత గొప్ప నాకు వద్దు, తప్పులో కూడా. కానీ ఎంత నావల్లో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. చెప్పకుండా ఉంటే మాత్రం, దాని తెలివి గురించి దానికి ఒక అబద్ధం చెబుతూనే ఉన్నట్టు. దాని జీవితంలో మొదటి పెద్ద నిర్ణయం ఆ అబద్ధం మీద నిలబడబోతోంది.

ఆదివారం ఆరాధన అయ్యాక కారు ధౌలా కువాన్ దగ్గర ఆగింది. ఇప్పటికీ మేం కారులో కథలు వింటాం. జోయెల్ కాలేజీలో ఉన్నాడు, ఎగతాళి చేస్తూనే వింటాడు. సునీత ఫోన్ తీసింది.

"ఇవాళ ఫోన్ వద్దు. కథ నేను చెబుతాను" అన్నాను.

"వాహ్, డాడీ లైవ్!" అన్నాడు జోయెల్.

తెలుగులోనే చెప్పాను. అనగనగా ఒకాయన, అందరికంటే ఆలస్యంగా నవ్వేవాడు. ఇంట్లో వాళ్లందరూ చలాకీగా ఉండేవారు. ఒకరోజు ఆయన సరిగ్గా సమయానికి నవ్వాడు. ఆ తర్వాత కథలో ఏం జరగబోతోందో కూడా చెప్పేశాడు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. అక్కడ ఆపాను. "ఆయనకు ఉన్నట్టుండి అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చింది? చెప్పండి."

"కోచింగ్‌లో చేరాడు" అన్నాడు జోయెల్. వాడికింకా అర్థంకాలేదు. సునీత నా మొహమే చూస్తోంది.

"డాడీ ఏమంటే..." అని అలవాటుగా మొదలుపెట్టింది రూతు.

"కథ చెప్పేవాడికి వంతు ఉండదమ్మా. నువ్వే చెప్పాలి."

వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. ముందున్న కారు ఒక మూర కదిలింది. నేను కదపలేదు.

"ఆయన ముందే వినేసేవాడు" అంది రూతు.

"ఎందుకనుకుంటున్నావు?"

"రైట్ అయినప్పుడు మేమందరం అరిచేవాళ్లం. సీట్లు కొట్టేవాళ్లం. మీరు..." ఆగింది. "మీరు ఒక్కసారి కూడా అరవలేదు డాడీ."

అద్దంలో దాని కళ్లు నా కళ్లకు తగిలాయి. కళ్లు తిప్పుకున్నది నేనే.

"కేక్ వాలీ భీ?" అంది.

"అది కూడా."

"అంటే ఆ రోజు నాదే కరెక్టా?"

"నీదే కరెక్టు. రెండుసార్లు విన్నా నాకు తట్టని సంగతి నీకు ఒక్కసారికే తట్టింది. నీ జవాబు నీనుంచి లాక్కుని నాదని చెప్పాను. నువ్వు ఊరికే అనలేదు రూతూ. నేనే ఊరికే అన్నాను."

దారి వచ్చింది. కారు కదిలింది. కాసేపటికి రూతు అంది, "ఘర్ తక్ ముఝ్‌సే బాత్ మత్ కీజియే, ప్లీజ్." ఇంటిదాకా నాతో మాట్లాడొద్దు అని. ఎవరికీ ఏదీ వద్దని చెప్పని పిల్ల.

సునీత మాత్రం ఊరుకోలేదు. "నైట్ డ్యూటీ చేసొచ్చి, కళ్లు మూతలు పడతా ఉంటే బుగ్గలు గిల్లుకుంటా కూచునేదాన్నండీ, నలుగురం కలిసి ఇందామని. తమరు మెట్రోలో సుబ్బరంగా ఇనేసి వచ్చేవోరా?" అంది. కోపం వస్తే ఆమె మాటలోకి మా ఊరు వచ్చేస్తుంది. ఒక్క క్షణం ఆగి, ఏదో గుర్తొచ్చి నా భుజం మీద ఒక్కటిచ్చింది. "అవునూ, ఆ బాతు చచ్చిపోయినప్పుడు నేను ఏడవకముందే రుమాలు తీసిచ్చారు! ఎంత మంచి మొగుడో అనుకున్నాను కదయ్యా!"

జోయెల్ పడిపడి నవ్వాడు. సునీత కోపంలోనే నవ్వింది. రూతు నవ్వలేదు.

మూడు నాలుగు రోజుల తర్వాత రూతు నా దగ్గరికి వచ్చింది. క్షమించానని చెప్పడానికి వచ్చిందేమో అనుకున్నాను, సిగ్గులేకుండా. "ఇంకా ఏవేవి నావి?" అని అడిగింది. గుర్తున్నవన్నీ చెప్పాను. గుర్తులేనివి గుర్తులేవన్నాను. "గుర్తు తెచ్చుకోండి" అని వెళ్లిపోయింది. అప్పటినుంచీ ఏదైనా గుర్తొచ్చినప్పుడల్లా వెళ్లి చెబుతున్నాను. తలుపు దగ్గర నిలబడి చెబుతాను. వింటుంది. "ఠీక్ హై" అంటుంది. ఆ ఠీక్ హైలో క్షమ ఎంత ఉందో కొలవడం మానేశాను.

హ్యుమానిటీసే తీసుకుంది. "తీసుకోనా?" అని అడగలేదు, "తీసుకుంటున్నా" అని చెప్పింది. నేను చెప్పింది విన్నాకే అలా చెప్పగలిగిందా, లేక నన్ను పక్కన పెట్టేసింది కాబట్టా? తెలియదు. తెలుసని చెప్పే హక్కు నాకు లేదు.

ఒకటి మాత్రం మారింది. ఇంట్లో ఇప్పుడు నేను ఏది సరిగ్గా చెప్పినా ఎవరూ నమ్మరు. వాన పడేలా ఉందంటే "ఫోన్లో చూశారా?" అంటాడు జోయెల్. ఎవరో వచ్చారంటే "కిటికీలోంచి చూశారా?" అంటుంది సునీత. నిన్న అన్నాలకు కూర్చున్నాం. ఇంకా ఎవరూ ముద్ద కలపలేదు. "పప్పులో ఉప్పు తక్కువైనట్టుందే" అన్నాను.

రూతు తలెత్తింది. "ముందే తిన్నారా?"

"తిన్నాను" అన్నాను. "వంటింట్లో నిలబడి, ఒక గరిటె. మీరెవరూ రాకముందు."

ఆ మాట అన్నాక ఎంత తేలికపడ్డానో చెబితే మళ్లీ నవ్వుతారు. రూతు నవ్వలేదు. ఉప్పు డబ్బా నావైపు జరిపి అన్నం కలుపుకుంది.